ఏడేళ్లు కదలని ఇంజిన్‌లో మడ్డి తీయడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన పెట్రోలు కారు ఆయన పోయాక ఏడేళ్లుగా షెడ్డులోనే ఉండిపోయింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఉంది. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపల తారు పూసినట్లు నల్లగా, మందంగా పేరుకుని ఉంది. వేలు పెడితే గ్రీజులా అంటుకుంది. ఒక మెకానిక్ లీటరు కిరసనాయిలు కలిపి పది నిమిషాలు నడిపి వంపేస్తే అంతా కడుక్కుపోతుందన్నాడు. మరొకాయన సీసాల్లో అమ్మే ఫ్లషింగ్ ద్రవం వాడమన్నాడు. ఇంకొకాయన మడ్డిని కదిపితే ఇంజినే పోతుందనీ, దాని జోలికి వెళ్లకుండా కొత్త ఆయిల్ పోసి నడుపుకోమనీ చెప్పాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో మూడో ఆయన భయం సరైనదే గాని, ఆయన చెప్పిన మందు సరైనది కాదు. మొదటి ఇద్దరి మాట ఈ దశలో అసలు వినవద్దు. మడ్డి ఉన్నచోట ఉన్నంతకాలం చేసే కీడు నెమ్మదిగా ఉంటుంది. అది పెచ్చులుగా ఊడి కదలడం మొదలుపెట్టిన తరువాతే ఇంజిన్ ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల చేతికి అందే మడ్డినంతా ఇంజిన్ ఆగి ఉండగానే చేత్తో బయటికి తీసి, అందనిదాన్ని మంచి ఆయిల్‌కు వదిలి కొన్ని నెలలపాటు కరగనివ్వడమే నేను చెప్పగలిగిన దారి. ఇందులో శ్రమ ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

కిరసనాయిలు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లో, అడుగుకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తున, పంపుకు ఆయిల్ అందించే గొట్టం మూతి ఉంటుంది. ఆ మూతికి ఒక సన్నని జాలి అమర్చి ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ అన్నిటినీ వడపోస్తుంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు గాని, ఫిల్టర్ ఉండేది పంపు తరువాత. జాలి ఉండేది పంపుకు ముందు. పైనుంచి ఊడిన పెచ్చులన్నీ ముందుగా చేరేది ఆ జాలి దగ్గరికే. జాలి మూసుకుంటే పంపుకు ఆయిల్ అందదు, పంపుకు అందకపోతే క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) బేరింగులకు అందదు, అప్పుడు ఇంజిన్ పట్టెయ్యడానికి ఎంతోసేపు పట్టదు. కిరసనాయిలు ఈ ప్రమాదాన్ని రెండు వైపులనుంచీ పెంచుతుంది. మడ్డిని ఒక్కసారిగా వదులు చేయడం ఒకటైతే, ఆయిల్‌ను పల్చన చేసి బేరింగుకూ క్రాంకుకూ మధ్య నిలవవలసిన పొరను బలహీనపరచడం రెండోది. ఫిల్టర్ కూడా పూర్తిగా మూసుకుపోతే ఇంజిన్ ఎండిపోకుండా దానిలోని బైపాస్ వాల్వు తెరుచుకుని, వడగట్టని ఆయిల్‌నే లోపలికి పంపుతుంది. అంటే ఆ సమయంలో మడ్డి నేరుగా బేరింగులకు చేరుతుంది.

నేనూ ఒకప్పుడు ఈ తొందరే పడ్డాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటి పాత ఇంజిన్‌లోనే ఫ్లషింగ్ ద్రవం పోసి, సీసా మీద రాసిన ప్రకారం పది నిమిషాలు ఐడిలింగులో నడిపి, వంపేసి, కొత్త ఆయిలూ కొత్త ఫిల్టరూ వేసి పని ముగిసిందనుకున్నాను. వంపినప్పుడు వచ్చిన ఆయిల్ కాటుకలా నల్లగా, నీళ్లలా పల్చగా ఉండడం చూసి లోపలి మురికంతా వచ్చేసిందని మురిసిపోయాను కూడా. మర్నాడు ఇరవై కిలోమీటర్లు వెళ్లానో లేదో ఆయిల్ ప్రెషర్ దీపం ఎర్రగా వెలిగింది. వెంటనే ఆపి, బండిని కట్టి లాగించుకు వచ్చి, చాంబర్ విప్పి చూస్తే జాలి కనబడలేదు. దాని మీద మీగడ కట్టినట్లు నల్లటి పొర కప్పుకుని ఉంది. మధ్యలో చిటికెనవేలి గోరంత చోటు మాత్రం ఖాళీగా మిగిలింది. ఆ కాస్త సందులోంచే ఆ ఇంజిన్ ఇరవై కిలోమీటర్ల దూరం ఆయిల్ పీల్చుకుంది. దీపం వెలిగిన క్షణాన ఆపడం వల్ల బేరింగులు దక్కాయి గాని, ఇంకో రెండు నిమిషాలు నడిపి ఉంటే ఇంజిన్ మొత్తం విప్పవలసి వచ్చేది.

ఫ్లషింగ్ ద్రవాలు పనికిమాలినవని నేను అనడం లేదు. వేళకు ఆయిల్ మార్చుతూ వచ్చిన ఇంజిన్‌లో పల్చటి మరక మాత్రమే ఉన్నప్పుడు అవి మేలు చేయవచ్చు. వేలికి అంటుకునేంత మందాన పేరుకున్న మీ ఇంజిన్ మాత్రం ఆ కోవలోది కాదు.

ఇక ఈ మడ్డి అసలు ఏమిటన్నది. వేడికీ గాలికీ ఆయిల్ ఆక్సీకరణ చెంది చిక్కబడుతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారే మండిన వాయువుల్లోని మసి, సగం కాలిన పెట్రోలు, నీటి ఆవిరి దానిలో కలుస్తాయి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందని చెబితే చాలామంది నమ్మరు గాని అది నిజం. ఆ ఆవిరిలో ఎక్కువ భాగం పొగ గొట్టంలోంచే పోతుంది. కొద్ది భాగం మాత్రం చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిస్తే ఆ తడి ఆవిరై బ్రీదర్ గొట్టం గుండా వెళ్లిపోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండిలో ఆ వేడి రాదు, తడి లోపలే ఉండిపోతుంది. ఆయిల్‌లో మురికిని కడిగే డిటర్జెంట్లు, కడిగిన మసిని ముద్ద కట్టకుండా విడివిడిగా తేలేట్లు ఉంచే డిస్పర్సెంట్లు ఉంటాయి. మార్చవలసిన గడువు దాటాక వాటి శక్తి అయిపోయి, అంతవరకు తేలుతున్న మసి ఒకచోట చేరి గడ్డకడుతుంది. కాబట్టి మీ కారులోని మడ్డిలో చాలా భాగం ఈ ఏడేళ్లలో కాక, అంతకుముందు తిరిగిన రోజుల్లోనే తయారై ఉండాలి; ఏడేళ్ల విశ్రాంతి దాన్ని ఆరబెట్టి గట్టిపరిచింది.

పానా పట్టుకునే ముందు ఒక విషయం తేల్చుకోండి. ఆయిల్‌లోకి రేడియేటర్ నీరు దిగుతున్నదా? మూత అడుగున మాత్రమే తెల్లటి వెన్నలాంటి పూత కనబడితే అది పేరుకున్న తేమ కావచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మొత్తం పాలు కలిపిన కాఫీ రంగులో ఉండి, రేడియేటర్‌లో నీటి మట్టం తగ్గి ఉంటే సిలిండర్లను పైనుంచి మూసే హెడ్ కింది గాస్కెట్ పోయిందనో, హెడ్ పగిలిందనో అనుమానించాలి. అది బాగుచేయకుండా ఎంత శుభ్రం చేసినా మడ్డి మళ్లీ పుడుతూనే ఉంటుంది. మీరు నల్లగా తారులా ఉందని రాశారు గనుక ఈ గొడవ లేదనే నా ఊహ, అయినా డిప్‌స్టిక్ తీసి ఒకసారి చూడండి.

ఆయిల్‌ను వేడిగా ఉన్నప్పుడు వంపాలన్నది అందరికీ తెలిసిన నియమం. మీ విషయంలో దాన్ని పాటించవద్దు, ఎందుకంటే వేడిచేయడానికి ఇంజిన్‌ను నడపాలి, ఇంజిన్‌ను నడపకూడదనే కదా ఈ తంతంతా. చల్లగా ఉండగానే డ్రెయిన్ బోల్టు విప్పి రాత్రంతా కారనివ్వండి. బోల్టు తీసినా చుక్క కూడా రాకపోతే కంగారుపడవద్దు. రంధ్రానికి మడ్డి బిరడాలా అడ్డుపడి ఉంటుంది. సన్నని తీగతో గుచ్చితే ముందు ఒక నల్లటి ముద్ద ఊడిపడి, ఆ వెనుకే ఆయిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది, కాబట్టి ముఖం ఆ రంధ్రానికి తిన్నగా పెట్టకండి. కారు కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గట్టి స్టాండ్లు పెట్టిన తరువాతే దూరండి. వాడిన ఆయిల్ ఎక్కువకాలం ఒంటికి తగలడం చర్మానికి ప్రమాదం, క్యాన్సర్ భయం కూడా ఉంది, అందుచేత చేతి తొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

శుభ్రం చేయడం పైనుంచి కిందికి సాగాలి. ముందు హెడ్ మీద మూతలా ఉండే ట్యాపెట్ కవర్ విప్పండి. కవర్ బల్ల మీదికి వచ్చేస్తుంది గనుక దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి ఎంతైనా తోమవచ్చు. బ్రీదర్ కోసం దాని లోపల రేకు తడకలు ఉంటే వాటి వెనుక కూడా మడ్డి దాగి ఉంటుంది. హెడ్ మీద ఉన్నదాన్ని మాత్రం ఏ ద్రవంతోనూ కడగవద్దు. చెక్క పుల్లతోగాని ప్లాస్టిక్ గీకుడు పలకతోగాని చిన్న చిన్న ముద్దలుగా ఎత్తి డబ్బాలో వేయండి. ఇనుప బ్రష్షు వాడితే దాని వెంట్రుకలు ఊడి లోపల పడతాయి, అల్యూమినియం మీద గీతలూ పడతాయి. హెడ్ నుంచి ఆయిల్ కిందికి దిగే రంధ్రాలను మొదలుపెట్టేముందే గుడ్డపేలికలతో మూయండి. ఎన్ని పేలికలు పెట్టారో లెక్క రాసుకోండి. ఇది వినడానికి చాదస్తంగా ఉంటుంది గాని, మూత బిగించాక ఒక పేలిక తక్కువైందని గుర్తొస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు. గీకడం పూర్తయ్యాక పేలికలు తీసి, ఆ రంధ్రాల్లో గట్టిపడి ఉన్న మడ్డిని తీగతో పొడిచి కిందికి తోయండి. చాంబర్‌ను ఎలాగూ తరువాత విప్పుతాము కాబట్టి అది అక్కడికి చేరినా ఫరవాలేదు. ఈ రంధ్రాలు మూసుకుంటే పైకి వెళ్లిన ఆయిల్ పైనే నిలిచి, వాల్వు సీళ్ల గుండా సిలిండర్లలోకి దిగి, పొగగా బయటికి వస్తుంది.

ఆ తరువాత చాంబర్. కొన్ని కార్లలో నాలుగు వైపులా బోల్టులు తీస్తే కిందికి వచ్చేస్తుంది. మరికొన్నిటిలో ముందు చక్రాల అడ్డదూలం అడ్డం వచ్చి ఇంజిన్‌ను కొద్దిగా పైకెత్తవలసి ఉంటుంది. రెండోదైతే ఆ ఒక్క పనికీ అనుభవమున్న మనిషిని పిలవండి గాని, కష్టమని చాంబర్ విప్పడం మానుకోవద్దు. ఈ మొత్తం పనిలో దేనినైనా వదిలేయవచ్చు, దీన్ని మాత్రం వదలకూడదు. విప్పాక అడుగున ఉన్నదాన్ని పారేసే ముందు వేళ్ల మధ్య నలిపి చూడండి. వెలుగులో రాగి రంగులోనో వెండి రంగులోనో మెరుపు కనబడితే అది బేరింగుల అరుగుదల, అప్పుడు శుభ్రంతో సరిపోదు, బేరింగులు చూపించుకోవాలి. గట్టి ప్లాస్టిక్ ముక్కలు దొరికితే, వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైనుకు ఆనికగా ఉండే గైడు విరిగిందని అర్థం. ఏ మెరుపూ ముక్కా లేకుండా మెత్తని నల్లటి మడ్డి మాత్రమే ఉంటే మీ అదృష్టం.

జాలి ఉన్న గొట్టాన్ని కూడా ఇంజిన్ నుంచి విప్పి, ఒక రాత్రి కిరసనాయిల్లో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమి, పంపు వైపు నుంచి జాలి వైపుకు గాలి కొట్టండి. ఎదురుగా కొడితే జాలిలో ఇరుక్కున్నది గొట్టంలోకి వెళ్లి కూర్చుంటుంది. కిరసనాయిలు ఇలా ఊడదీసిన భాగాలకు ఎంతో మంచిది. ఈ పనికి పెట్రోలు మాత్రం ఎన్నడూ వాడవద్దు, దాని ఆవిరికి ఎక్కడో వెలిగిన నిప్పురవ్వ చాలు. కాస్టిక్ సోడా కూడా దగ్గరికి రానీయకండి, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. గొట్టాన్ని తిరిగి బిగించేటప్పుడు పంపు దగ్గర ఉండే రబ్బరు రింగునుగాని గాస్కెట్‌నుగాని తప్పక కొత్తది వేయండి. పాతదానిలోంచి గాలి పీల్చుకుంటే పంపు ఆయిల్‌ను ఎత్తలేదు, మీరేమో ఇంత శుభ్రం చేసినా ప్రెషర్ రావడంలేదేమిటని తల పట్టుకుంటారు. చాంబర్ అంచుకు సిలికాన్ పేస్టు పూయవలసిన రకమైతే సన్నని గీతలా పూయండి. ఎక్కువ పూస్తే బిగించినప్పుడు లోపలి వైపుకు ఉబ్బి, ఆరి, ఊడి, మనం ఇంత కష్టపడి కడిగిన జాలికే వెళ్లి అడ్డుపడుతుంది. మడ్డి వల్ల కాక మెకానిక్ ఉదారంగా పూసిన పేస్టు వల్ల మూసుకున్న జాలిని కూడా నేను చూశాను.

ట్యాపెట్ కవర్ మీదనో దానికి దగ్గరలోనో ఇంజిన్ లోపలి వాయువులను బయటికి వదిలే పీసీవీ వాల్వు ఉంటుంది. తీసి చెవి దగ్గర ఆడించండి. చాలా రకాల్లో లోపలి గుండు టకటకలాడాలి. చప్పుడు లేకపోతే జిడ్డుతో బిగుసుకుపోయిందనుకుని కొత్తది వేయండి, దాని గొట్టాన్నీ మార్చండి. ఇది చిన్న భాగమే అయినా, ఇది మూసుకుంటే లోపలి వాయువులు బయటికి పోక మడ్డి మళ్లీ మొదలవుతుంది.

స్టార్టు చేసే రోజు తొందరపడవద్దు. కొత్త ఆయిలూ కొత్త ఫిల్టరూ వేసి (ఏ ఆయిలో కింద చెబుతాను), ట్యాంకులోని పాత పెట్రోలు తీయించి, టైమింగ్ బెల్టు ఉన్న ఇంజినైతే ఏడేళ్ల వయసున్న ఆ రబ్బరును మార్పించిన తరువాతే ఈ మాట. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల ఆయిల్ పోసి, ఒక పూట అలా వదిలేయండి. తరువాత క్రాంకు పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకండి. చుట్లు సాఫీగా తిరిగితే ప్లగ్గులు వేయకుండానే, ఇంధనమూ స్పార్కూ అందకుండా చేసి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. సిలిండర్లలో మిగిలిన ఆయిల్ ప్లగ్గుల రంధ్రాల్లోంచి చిమ్మిపోతుంది, పంపు ఆయిల్‌ను పైకి ఎత్తుతుంది, ప్రెషర్ దీపం ఆరుతుంది. దీపం ఆరాక ప్లగ్గులు బిగించి స్టార్టు చేయండి.

ఆ దీపం మీద పూర్తిగా ఆధారపడవద్దని కూడా చెప్పాలి. అది సాధారణంగా ప్రెషర్ 5 నుంచి 7 పీఎస్ఐకి (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పడిపోయిన తరువాతే వెలుగుతుంది, అంటే చేటు జరగబోయే చివరి ఘడియలో. మొదటి నెలలోనైనా ప్రెషర్ స్విచ్ ఉన్నచోట ముల్లు తిరిగే గేజి పెట్టించుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు సుమారు 10 పీఎస్ఐ ఉండాలన్నది మెకానిక్కుల మోటు లెక్క; మీ కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ముల్లు రోజురోజుకూ కిందికి దిగుతుంటే జాలి మళ్లీ మూసుకుంటోందన్నమాట, అప్పుడు నడపడం ఆపి చాంబర్ మళ్లీ విప్పాలి.

మొదటిసారి పోసే ఆయిల్ ఖరీదైనది కానక్కరలేదు. కారు పుస్తకంలో చెప్పిన గ్రేడులో ఉండి, పెట్రోలు ఇంజిన్లకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే ఎస్ తరగతి గుర్తు ఉన్న మామూలు ఆయిల్ చాలు. డీజిల్ ఇంజిన్ ఆయిల్ పోస్తే ఎక్కువ కడుగుతుందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది గాని, పొగ గొట్టంలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కారుకు దానిలోని ఎక్కువ ఫాస్ఫరస్ మంచిది కాదు. డబ్బా మీద ఎస్ తరగతి గుర్తు కూడా ఉంటేనే వాడండి. మొదటి ఆయిల్‌ను 300 కిలోమీటర్లకే, ఫిల్టర్‌తో సహా, మార్చేయండి. రెండోది 1,000 కిలోమీటర్లు, మూడోది 2,000 కిలోమీటర్లు నడవనివ్వండి. ప్రతిసారీ తీసిన ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితం మడతలను విప్పి చూడండి. మొదటి ఫిల్టర్‌లో నల్లటి రవ్వ ఇసుకలా నిండి ఉంటుంది, మూడోదానికి మడతల అడుగున కాగితం రంగు కనబడాలి. అది కనబడితే నాలుగోసారి నుంచి పుస్తకంలో రాసిన గడువులో సగానికి మార్చుకుంటూ పోవచ్చు.

ఈ రోజుల్లో బండిని ఇంటి చుట్టూ తిప్పి ఆపేయవద్దు. తీసిన ప్రతిసారీ కనీసం అరగంట, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా, మధ్యస్థ వేగంలో నడపండి. పొద్దున స్టార్టు చేసినప్పుడు హెడ్ దగ్గర టకటకమని చప్పుడు వచ్చి నిమిషంలో పోతే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లలో జిడ్డు ఇంకా ఉందనుకోవచ్చు. రెండో ఆయిల్ నాటికి తరచుగా అదే తగ్గుతుంది. కింది నుంచి బరువుగా డబడబమనే చప్పుడు వస్తే మాత్రం అది బేరింగు, అక్కడికక్కడే ఆపండి. నీలం పొగ వస్తే ఆయిల్ రింగులు వాటి గాడిలో జిడ్డుతో బిగుసుకున్నాయని అర్థం కావచ్చు. మూడు ఆయిళ్లు మార్చేదాకా చూడండి, అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్ విప్పే ఆలోచన చేద్దురుగాని.

శుభ్రం చేశాక పాత సీళ్ల దగ్గర ఆయిల్ చెమర్చడం మొదలైతే ఆశ్చర్యపోకండి. ఇన్నాళ్లూ ఆ సందులను మడ్డే మూసి ఉంచింది. సీలు పాడైన సంగతి ఇప్పుడు బయటపడిందంతే. చెమ్మ మాత్రమే అయితే తుడిచి గమనిస్తూ ఉండండి, చుక్కలుగా పడితే ఆ సీలు మార్పించండి. వంపిన ఆయిల్‌నూ గీకిన మడ్డినీ కాలువలోనో మట్టిలోనో పోయకుండా మూత ఉన్న డబ్బాల్లో నింపి, వాడిన ఆయిల్ సేకరించేవారికి ఇవ్వండి. మొదటి ఫిల్టర్ కోసిన తరువాత దానిలో ఏం కనబడిందో రాస్తే, ఆ పైన ఏం చేయాలో అప్పుడు చెబుతాను.